గీజరు కట్టేశామా లేదా? స్మార్ట్ ప్లగ్‌తో ఈ టెన్షన్ వదిలించుకోవడం ఎలా

ఊరికి బయల్దేరి బస్సెక్కి కూర్చున్నాక ఇంట్లోవాళ్లు "గీజరు కట్టేశావా?" అని అడిగితే గుండె గుభేల్‌మంటుంది. కట్టేసినట్టే ఉంటుంది గానీ గట్టిగా చెప్పలేం. చెప్పినట్టు వినే ఇళ్లు, వంట చేసిపెట్టే మరమనుషులు అంటూ రాబోయే కాలం గురించి చాలా ఊరిస్తారు. మామూలు ఇంట్లోకి ఆ కాలం అడుగుపెట్టేది మాత్రం ఇలాంటి చిన్న చికాకు దగ్గరే. అందుకే మొదటి స్మార్ట్ పరికరంగా రంగులు మార్చే బల్బు కొనకండి. పిల్లలు రెండు రోజులు ఆడుకుంటారు, మూడో రోజు నుంచి అదీ మామూలు బల్బే. గీజరుకు ఒక స్మార్ట్ ప్లగ్ పెట్టి చూడండి. గోడ సాకెట్‌కీ గీజరు ప్లగ్గుకీ మధ్య తగిలించి, వైఫై ద్వారా ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసుకునే ప్లగ్గు అది.

మొదటి పని: గీజరు మీద రాసింది చదవండి

గీజరుకు అంటించిన చీటీ మీద వాట్లు ఎన్నో ఉంటుంది. ఆ అంకెను 230తో (మన ఇళ్లలో కరెంటు వోల్టేజి) భాగిస్తే గీజరు ఎన్ని ఆంప్స్ కరెంటు లాగుతుందో తెలుస్తుంది. 2000 వాట్లదైతే సుమారు 8.7 ఆంప్స్, 3000 వాట్లదైతే 13 ఆంప్స్. 4500 వాట్ల ఇన్‌స్టంట్ గీజరైతే దాదాపు 20 ఆంప్స్. దానికి ఏ ప్లగ్గూ పెట్టొద్దు.

స్మార్ట్ ప్లగ్గుల్లో చిన్నవీ ఉంటాయి, పెద్ద పిన్నులున్న 16 ఆంప్స్‌వీ ఉంటాయి. చిన్నవి టీవీకి, టేబుల్ ల్యాంపుకి చాలు. గీజరుకు 16 ఆంప్స్‌దే కావాలి. "8.7 ఆంప్సే కదా, 10 ఆంప్స్‌ది సరిపోదా?" అని లెక్కేసుకుని నేను చిన్నది కొన్నాను. పిన్ను పట్టకపోతే కన్వర్టర్ పెట్టి మరీ తగిలించాను. వారం తిరక్కుండానే ప్లగ్గు అంచు గోధుమరంగుకు తిరిగింది, కాలిన వాసన. టీవీలా కాదు, నీళ్లు కాగినంతసేపూ గీజరు నిండు కరెంటు లాగుతూనే ఉంటుంది.

రెండో పని: గోడ సాకెట్ చూడండి

ప్లగ్గు వదులుగా ఊగుతున్నా, సాకెట్ రంధ్రాల చుట్టూ నల్లబడినా ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మార్పించండి. సాకెట్ నీళ్లు చిందే చోట ఉంటే ఈ ఆలోచనే మానుకోండి. కొన్ని ఇళ్లలో సాకెట్ లేకుండా గీజరు వైరును నేరుగా స్విచ్‌కి కలిపేస్తారు. అలాంటప్పుడు స్విచ్ బోర్డు వెనక అమర్చే స్మార్ట్ స్విచ్‌లుంటాయి గానీ అది చేయితిరిగిన ఎలక్ట్రీషియన్ పని, యూట్యూబ్ చూసి చేసే పని కాదు.

మూడో పని: వైఫైకి కలపడం

ఎక్కువమంది విసిగిపోయి డబ్బాలో పెట్టి వాపసు పంపేది ఇక్కడే. చాలా రౌటర్లు 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల వైఫై ఇస్తాయి. ఈ ప్లగ్గుల్లో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే అందుతుంది. మన ఫోను 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటే యాప్ ఎంతసేపు వెతికినా ప్లగ్గు దొరక్కపోవచ్చు. రౌటర్ సెట్టింగ్స్‌లో కాసేపు 5 గిగాహెర్ట్జ్ ఆపేసి కలపండి, తర్వాత మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. బాత్రూం మూలన సిగ్నల్ వస్తోందో లేదో కొనకముందే ఫోను పట్టుకుని అక్కడ నిలబడి చూసుకోండి.

నాలుగో పని: తనంతట తానే ఆగేలా చేయడం

అసలు ఉపయోగం ఇందులోనే ఉంది. చాలామంది పొద్దున 5:30కి ఆన్, 6కి ఆఫ్ అని షెడ్యూల్ పెడతారు. ఇంటికి తాళం వేసి పెళ్లికి వెళ్లినా అది నీళ్లు కాస్తూనే ఉంటుంది! దానికంటే "ఎప్పుడు ఆన్ చేసినా 30 నిమిషాలకు ఆఫ్ అవ్వాలి" అనే ఏర్పాటు మేలు. చాలా యాప్‌లలో టైమర్ దగ్గరే ఇది ఉంటుంది. 2000 వాట్ల గీజరు అరగంట నడిస్తే ఒక యూనిట్.

ఒక మాట ఒప్పుకోవాలి. మర్చిపోయిన గీజరు రోజంతా కరెంటు తాగదు. నీళ్లు కాగగానే లోపలి థర్మోస్టాట్ ఆపేస్తుంది, చల్లారినప్పుడల్లా మళ్లీ వెలిగిస్తుంది. కాబట్టి బిల్లు సగానికి పడిపోతుందని ఆశపడకండి. మిగిలేది మనశ్శాంతి, దాంతోపాటు కాస్త కరెంటు.

చాలా యాప్‌లలో, కరెంటు పోయి వచ్చాక ప్లగ్గు ఎలా ఉండాలో చెప్పే సెట్టింగ్ కూడా ఉంటుంది. దాన్ని "ఆఫ్" అని పెట్టండి. లేకపోతే అర్ధరాత్రి కరెంటు రాగానే గీజరు దానంతటదే మొదలుకావచ్చు. రౌటర్‌ను ఇన్వర్టర్ లైనులో పెట్టుకుంటే కరెంటు రాగానే వైఫై కోసం ఎదురుచూడక్కర్లేదు.

ఐదో పని: పెద్దవాళ్లకు చెప్పడం

మా అమ్మకి యాప్ నేర్పాలని చూశాను, పని కాలేదు. దాని అవసరం కూడా లేదు. ప్లగ్గు మీదే ఒక బటన్ ఉంటుంది, అది నొక్కితే చాలు. చిక్కల్లా గోడ స్విచ్‌తోనే. స్నానం కాగానే దాన్ని కట్టేయడం ఆమెకు ఏళ్ల అలవాటు. అది కట్టేస్తే ప్లగ్గుకే కరెంటు అందదు, ఇక ఫోన్లో ఎంత నొక్కినా కదలదు. చివరికి స్విచ్ మీద టేపు అంటించి "దీన్ని ముట్టుకోవద్దు" అని రాశాను. మాట వినే స్పీకర్ కూడా ఉంటే ప్లగ్గుకు "గీజరు" అని చిన్న పేరు పెట్టండి. యాప్ ఇచ్చే బారెడు పేరు ఎవరి నోరూ తిరగదు.

ఇదే ప్లగ్గు వేటికి వద్దంటే

నీళ్ల మోటారుకు వద్దు. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లే, గీజరుకంటే తక్కువేగా అనిపిస్తుంది. కానీ మోటారు కదిలే ఆ క్షణంలో మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఆ దెబ్బకు ప్లగ్గు లోపలి కాంటాక్టులు అతుక్కుపోతే ఆఫ్ నొక్కినా మోటారు ఆగదు, ట్యాంకు పొంగి పోతూనే ఉంటుంది. దానికి స్టార్టర్‌తో పనిచేసే నీటిమట్టం కంట్రోలర్ పెట్టించాలి. ఈ విషయంలో మన రైతులే ముందున్నారు. సిమ్ కార్డు వేసిన స్టార్టర్‌కి ఇంటి నుంచే ఫోన్ కొట్టి పొలంలో బోరు ఆన్ చేయడం వాళ్లకు కొత్తేమీ కాదు.

ఏసీని కూడా నడుస్తుండగా ప్లగ్ దగ్గర ఆపకూడదు, కంప్రెసర్‌కి మంచిది కాదు. రిమోట్‌లా సిగ్నల్ పంపే ఐఆర్ బ్లాస్టర్ అని చిన్న డబ్బా దొరుకుతుంది, పాత ఏసీకైనా అది చాలు.

పాస్‌వర్డ్ సంగతి

2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్), కంపెనీ పెట్టి ఇచ్చిన పాస్‌వర్డ్‌ను ఎవరూ మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల్లో పట్టుకుని, వాటితోనే పెద్ద పెద్ద వెబ్‌సైట్లను స్తంభింపజేసింది. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవాళే మార్చండి. ప్లగ్గు యాప్‌కి ఓటీపీ అడిగే ఏర్పాటు ఉంటే పెట్టుకోండి. రౌటర్లో గెస్ట్ వైఫై ఉంటే ఇలాంటి పరికరాలన్నీ దానికే కలపండి.

ఎప్పుడైనా రౌటర్ మార్చాల్సి వస్తే కొత్తదానికీ పాత వైఫై పేరు, పాత వైఫై పాస్‌వర్డ్ అక్షరం తేడా లేకుండా పెట్టండి. ప్లగ్గుకు రౌటర్ మారిన సంగతే తెలియదు.