మా వీధిలో బళ్ల లెక్క ఇలా రాస్తాం

‘బళ్లు ఎక్కువయ్యాయండీ’ అంటే ఏ ఆఫీసరూ తలెత్తి చూడడు. లెక్క చూపించాలి.

పండగ, పెళ్లి, వాన లేని మామూలు పనిరోజు చూసుకోండి. బడి టైము, అంటే ఉదయం 8 నుంచి 9 దాకా చాలు. పావుగంటకో వరస, బైకు, ఆటో, కారు, స్కూలు వ్యాను, వాటర్ ట్యాంకరు, నడిచేవాళ్లకు వేరువేరు గళ్లు. ఒక్కో బండికి, మనిషికి ఒక్కో గీత: నాలుగు నిలువుగా, ఐదోది వాటి మీద అడ్డంగా. ఇద్దరు కూర్చుని చెరో దిక్కు చూడాలి. రిటైరైన బాబాయిలు దీనికి భేషు, కబుర్లలో పడకపోతే.

వేగం పని కుర్రాళ్లకివ్వండి. టేపుతో 30 మీటర్లు కొలిచి, రెండు చివర్లా ముగ్గుపిండితో గీతలు గీయాలి. మొదటి గీత మీద ముందు చక్రం పడగానే ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కి, రెండో గీత దగ్గర ఆపాలి. 108ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది: 3 సెకన్లయితే 36, రెండైతే 54. గోడ చాటున నిలబడండి, మనుషుల్ని చూస్తే బ్రేకేస్తారు. నంబరు ప్లేట్లు మాత్రం రాయొద్దు, పక్కింటాయనతో తగువొస్తుంది.

ఆ కాగితాన్ని సంక్షేమ సంఘం అర్జీతో కలిపి ట్రాఫిక్ పోలీసులకు, మునిసిపాలిటీకి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. స్పీడ్ బ్రేకర్ అడిగేటట్టయితే, రోడ్ల ప్రమాణాలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల ప్రకారమే వేయాలని రాయండి. రాయకపోతే నడుం విరిచే దిబ్బ పోసిపోతారు.