మామిడి తిన్నాక పెదాల చుట్టూ పొక్కులా?

మామిడి తిన్న ఒకటి రెండు రోజులకు పెదాల చుట్టూ దురద, ఎర్రటి పొక్కులు వస్తే ‘వేడి చేసింది’ అని వదిలేయకండి. తొక్కలోనూ ముచ్చిక దగ్గరి సొనలోనూ ఉండే పదార్థాలకు చర్మం అలా స్పందిస్తుంది. జీడిగింజ పెంకు నూనెలో ఉండేవీ ఆ కోవవే. గుజ్జులో ఇవి చాలా తక్కువ.

పండు కడిగి, ముచ్చిక కోసేసి, తొక్క మందంగా తీయించండి. చేతులు, కత్తి, పలక సబ్బుతో కడిగాకే ముక్కలు కోయాలి. లేకపోతే సొన మళ్లీ గుజ్జుకే అంటుతుంది. టెంక చీకొద్దు. బెంగళూరులో బండి మీద తోతాపురిని తొక్కతోనే కోసి కారం చల్లుతారు, పడనివాళ్లకు అదే అసలు చిక్కు.

తిన్న నిమిషాల్లోనే పెదాలు, నాలుక వాచి ఊపిరి ఆడకపోతే అది వేరే రకం అలర్జీ. ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.