20 మీటర్లలో కాలిఫోర్నియా ఎట్టకేలకు వినిపించింది

నాది హామ్ రేడియో (అమెచ్యూర్ రేడియో) సరదా. హైదరాబాద్‌లో మా డాబా మీద 20 మీటర్ల బ్యాండ్ (14 మెగాహెర్ట్జ్ తరంగాలు) కోసం మూడు ఎలిమెంట్ల (అడ్డకడ్డీల) యాగీ, అంటే ఒక దిక్కుకు గురిపెట్టే యాంటెన్నా, ఉంది. జపాన్, యూరప్ బాగానే వచ్చేవి, కాలిఫోర్నియా మాత్రం వినపడేదే కాదు. కోయాక్స్ కేబుల్ మార్చాను, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి వెనక్కి వచ్చే శక్తిని తెలిపే కొలత) సరిచేశాను, మాస్ట్ (యాంటెన్నా స్తంభం) ఎత్తు పెంచాను, లాభం లేకపోయింది.

పొరపాటు దిక్కు విషయంలో ఉంది. గోడ మీది మ్యాపు చూసి యాంటెన్నాను తూర్పుకు తిప్పేవాణ్ణి. ఒక సాయంత్రం గ్లోబు మీద హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి దారం బిగించి చూశాను. అది చైనా, సైబీరియా దాటి ఆర్కిటిక్ అంచు మీదుగా పోయింది! లెక్క కడితే ఉత్తరం నుంచి తూర్పుకు సుమారు 19 డిగ్రీలు, అంటే దాదాపు ఉత్తరమే.

తర్వాత రోటర్, అంటే యాంటెన్నాను తిప్పే మోటారు, దిక్కు సరిచేయాలి. ఇనుప మాస్ట్ పక్కన దిక్సూచి ముల్లు నిలవలేదు. అందుకని రాత్రి బూమ్ (యాంటెన్నా నడిమి పొడవాటి కడ్డీ) కింద నిలబడి, దాని కొస ధ్రువ నక్షత్రానికి సూటిగా వచ్చేదాకా తిప్పి, అక్కడ సున్నా పెట్టాను. మన దగ్గర ఆ నక్షత్రం 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, ఉత్తరాన అపార్ట్‌మెంట్లుంటే కనపడదు.

ఆపైన 14.100 మెగాహెర్ట్జ్ మీద బీకన్లు (దారి తెరిచి ఉందో లేదో తెలియడానికి వంతులవారీగా సంకేతాలు పంపే స్టేషన్లు) విన్నాను. 18 స్టేషన్లు, ఒక్కోదానికి 10 సెకన్లు, మూడు నిమిషాలకో చుట్టు. కాలిఫోర్నియా బీకన్ డబ్ల్యూ6డబ్ల్యూఎక్స్ వంతు 20వ సెకనుకు మొదలవుతుంది. కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) తర్వాత నాలుగు డాష్‌లు (పొడవాటి బీప్‌లు) 100, 10, 1, 0.1 వాట్లలో వస్తాయి. మూడో రోజు ఉదయం ఏడున్నరకు రెండో డాష్ కూడా స్పష్టంగా వినపడింది. ఎంత సంతోషమో!

ఇది ఒక్క సీజన్ అనుభవమే. కె ఇండెక్స్ (భూమి అయస్కాంత క్షేత్రంలోని అలజడి కొలత) 4 దాటిన రోజుల్లో నాకు ఈ దారి మూసుకుపోతోంది. డైపోల్ (ఒక్క దిక్కుకే గురిపెట్టని మామూలు తీగ యాంటెన్నా) వాడేవాళ్లకు ఇంత తేడా రాకపోవచ్చు.