బ్రహ్మోత్సవాల ఆర్డర్లు పట్టే ముందు ఆ సంతకం చూసుకోండి

బ్రహ్మోత్సవాలు దగ్గర పడుతున్నాయంటే తిరుపతి లాడ్జీల వాళ్లకు కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ గుర్తొస్తుంది. మనలాంటి చిన్న సాఫ్ట్‌వేర్ షాపులకు అదే సీజన్. పోయిన నెల బైపాస్ రోడ్డులో మా స్నేహితుడికి ఓపెన్ సోర్స్ కోడ్ (ఎవరో రాసి, షరతుల మీద అందరికీ ఇచ్చిన కోడ్) లైసెన్సు దగ్గర తగిలిన దెబ్బ చూశాక ఇది రాస్తున్నా.

మావాడు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిచ్చిన మూడు లాడ్జీల ఓనరు దగ్గర పనిచేసే ఆడిటర్ ఒక రూము బిల్లు పీడీఎఫ్ తెరిచి 'ప్రాపర్టీస్' నొక్కాడు. 'ప్రొడ్యూసర్' అన్నచోట ఐటెక్స్ట్ లైబ్రరీ (పీడీఎఫ్‌లు తయారుచేసే రెడీమేడ్ కోడ్) పేరు, పక్కనే 'ఏజీపీఎల్-వెర్షన్' అని ఉంది. ఏజీపీఎల్ అంటే ఒక ఓపెన్ సోర్స్ లైసెన్స్. వెంటనే అగ్రిమెంటు తీశాడు. 'కోడ్ మొత్తం మా సొంతం, ఇందులో వేరెవరికీ హక్కుల్లేవు' అని ఒక లైను, కింద మావాడి సంతకం. మిగతా డబ్బు ఆగిపోయింది.

లైబ్రరీ వాడటం తప్పు కాదు. జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ ఉన్న కోడ్‌తో చేసినదాన్ని అమ్ముకోవచ్చు కూడా. మావాణ్ణి ముంచింది ఆ ఒక్క లైను. ఇంతకు ముందు ఇద్దరు మునిగిందీ దాంతోనే. అగ్రిమెంటు ఎక్కడినుంచో కాపీ కొడతాం, ఆ లైను కూడా వచ్చేస్తుంది, చదవం. దాన్ని కొట్టేసి 'మేం రాసింది మాది, మిగతా భాగాలు జతచేసిన జాబితాలోని లైసెన్సుల ప్రకారం' అని రాయండి. జాబితా నిజంగా జతచేయండి.

లైసెన్సుల సంగతి. ఎంఐటీ లైసెన్స్ అయితే కాపీరైట్ నోటీసు, లైసెన్స్ పాఠం ఉంచితే చాలు. అపాచీ 2.0 లైసెన్స్ అయితే, కోడ్‌తో నోటీస్ ఫైలుంటే అదీ ఇవ్వాలి. జీపీఎల్ అయితే కాపీ ఇచ్చిన కస్టమరుకు సోర్స్ (అసలు ప్రోగ్రాం కోడ్) ఇవ్వాలి. ఏజీపీఎల్ కోడ్‌ను మార్చి సర్వర్ మీదే నడిపినా వాడేవాళ్లకు సోర్స్ ఇవ్వాలి. అది కుదరదంటే కమర్షియల్ లైసెన్స్ కొని, ఆ ఖర్చు కొటేషన్‌లోనే వేయండి.

'మన ఊళ్లో ఎవడడుగుతాడులే' అనొద్దు. 2024లో పారిస్ అప్పీలు కోర్టు జీపీఎల్ పాటించనందుకు ఆరెంజ్ టెలికాం మీద 8 లక్షల యూరోలు వేసింది. మన కాపీరైట్ చట్టం 63బీ ప్రకారం దొంగ కాపీ అని తెలిసీ వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల జైలు.

కోడ్ పెట్టుకునే సైటు గిట్‌హబ్‌లో లైసెన్స్ ఫైలే లేని కోడ్ ముట్టుకోవద్దు. ఏమీ రాయలేదంటే హక్కులన్నీ రాసినవాడివే.

మీరు పెట్టుకున్న ప్యాకేజీ (రెడీమేడ్ కోడ్) లైసెన్స్ ఒక్కటే కాదు, అది లాక్కొచ్చే ప్యాకేజీల లైసెన్సులూ చూడండి.

కళ్లు మూసుకుని అప్‌డేట్ కొట్టొద్దు. కొత్త వెర్షన్‌తో లైసెన్సూ మారొచ్చు. రెడిస్ అనే డేటాబేస్ 2024లో 7.4 వెర్షన్ నుంచి లైసెన్స్ మార్చింది, సర్వర్లు సెటప్ చేసే టెర్రాఫాం 2023లోనే మార్చింది.

ఫ్రీలాన్సర్ ఇచ్చిన కోడ్‌కు లైసెన్సుల జాబితా అడగండి. ఇవ్వకపోతే డబ్బివ్వొద్దు.

లైసెన్స్ తప్పారని నోటీసు వస్తే ఏదీ డిలీట్ చేయొద్దు. జీపీఎల్ 3లో మొదటి తప్పయితే నోటీసు అందిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే ఆ కోడ్ వాడే హక్కు తిరిగొస్తుంది. జీపీఎల్ 2లో ఆ గడువు లేదు. ముందు లాయరు.

ఆ 'మొత్తం మా సొంతం' లైను పాత అగ్రిమెంట్లలోనూ ఉంటుంది, బీరువా తెరిచి తీయండి.