వయోజన విద్యను అర్థం చేసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

"మొక్కై వంగనిది మానై వంగునా" అనే సామెత పెద్దవాళ్ల చదువుకు చేసినంత చెరుపు మరే మాటా చేయలేదని నా గట్టి నమ్మకం. నలభై ఏళ్ల మనిషిని చదువుకుందువు రమ్మంటే ఆయన నోటి నుంచీ, ఇంట్లోవాళ్ల నోటి నుంచీ ముందు వచ్చేది అదే. ఈ రంగంలోకి కొత్తగా వస్తున్నవాళ్లు, అంటే శిక్షణ ఇచ్చే ఉద్యోగంలో చేరినవాళ్లు, సాయంత్రం తరగతులు నడపాలనుకునేవాళ్లు, పీజీలో ఇదే సబ్జెక్టు తీసుకున్నవాళ్లు, ఏ పుస్తకంతో మొదలుపెట్టమంటారు అని అడుగుతుంటారు. పుస్తకంతో వద్దంటాను. నేను సిద్ధాంతాల జాబితాతో మొదలుపెట్టి పేర్లన్నీ బట్టీపట్టాను, కానీ తరగతిలో ఎదురుగా కూర్చున్న మనిషి రెండో వారంలో ఎందుకు రావడం మానేసిందో ఆ పేర్లలో ఒక్కటీ నాకు చెప్పలేకపోయింది. మనుషుల్ని చూసి ఆ తర్వాత పుస్తకాల దగ్గరికి వెళ్తే అవే పేర్లు మాట్లాడడం మొదలుపెడతాయి.

ముందు మీ సొంత లెక్క తీయండి

ఒక కాగితం తీసుకుని గత ఏడాదిలో మీరు కావాలని పూనుకుని నేర్చుకున్నవన్నీ రాయండి. సర్టిఫికెట్ వచ్చినవే రాయాలని రూలేమీ లేదు. ఇంట్లో ఒకరికి షుగర్ వచ్చాక తిండి గురించి చదివి తెలుసుకున్నది, ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్, బిడ్డ పుట్టాక రాత్రుళ్లు కూర్చుని వెతికినవి, అన్నీ రాయండి. కెనడాకు చెందిన అలెన్ టఫ్ అనే పరిశోధకుడు సరిగ్గా ఈ పనే చేశాడు. కనీసం ఏడు గంటలు పట్టిన ప్రయత్నాలనే లెక్కలోకి తీసుకుంటూ మనుషుల్ని కూర్చోబెట్టి అడిగాడు, 1971లో ఆ వివరాలతో పుస్తకం తెచ్చాడు. మొదట "నేనేం నేర్చుకున్నాను, ఏమీ లేదు" అన్నవాళ్లే కాస్త గుచ్చి అడిగితే ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటూ చెప్పారు. అందులో ఎక్కువ భాగం ఏ టీచరూ లేకుండా సొంతంగా ప్లాన్ చేసుకుని నేర్చుకున్నదే. నీటి పైకి కనబడే మంచుకొండ కొస తరగతి గదైతే, మునిగి ఉన్న భాగమంతా ఇది.

మీ కాగితం చేతిలో ఉంటే పాఠ్యపుస్తకాలు పేజీలకు పేజీలు రాసే వర్గీకరణ రెండు నిమిషాల్లో అయిపోతుంది. పరీక్ష, పట్టా ఉన్నది నియత విద్య. పట్టా లేకపోయినా ఎవరో ఒక పద్ధతిగా ఏర్పాటు చేసినది అనియత విద్య. ఈ రెండూ కాకుండా బతుకులో భాగంగా వచ్చి చేరేది మూడోది. ఇక వయోజనులు ఎవరు అంటారా, 1976లో నైరోబీలో యునెస్కో ఆమోదించిన సిఫార్సు వయసు అంకె చెప్పకుండా, తమ సమాజం ఎవరిని పెద్దవాళ్లుగా చూస్తుందో వాళ్లే అని వదిలేసింది. నాకు అదే సబబుగా అనిపిస్తుంది. పద్దెనిమిదేళ్లకే ఇల్లు నడిపే పిల్ల తరగతిలో పెద్దదానిలాగే కూర్చుంటుంది.

తర్వాత, రానివాళ్లను అడగండి

ఇది చాలామంది వదిలేసే మెట్టు. మీకు తెలిసినవాళ్లలో, చదువుకోవాలని ఉండి కూడా ఏ కోర్సులోనూ చేరనివాళ్లు ముగ్గురితో తీరిగ్గా మాట్లాడండి. అమెరికన్ పరిశోధకురాలు కె. ప్యాట్రీషియా క్రాస్ 1981లో ఈ అడ్డంకులను మూడు రకాలుగా చూపించింది. టైమ్, డబ్బు, పిల్లలు, రవాణా ఒక రకం. సంస్థ తనే పెట్టే అడ్డాలు రెండో రకం, అంటే పని వేళల్లోనే తరగతి, అర్థం కాని ఫారాలు, ఎప్పుడో పోగొట్టుకున్న సర్టిఫికెట్ అడగడం లాంటివి. మూడోది మనసులో ఉండేది. "ఈ వయసులో నాకెందుకు", "పిల్లల ముందు నామోషీ", "చిన్నప్పుడే నాకు లెక్కలు రావన్నారు".

సర్వే పెట్టి అడిగితే జనం మొదటిదే చెప్తారు, ఎందుకంటే టైమ్ లేదనడంలో పరువు పోదు, భయమేస్తోందనడంలో పోతుంది. క్రాస్ కూడా ఈ మాట గట్టిగానే హెచ్చరించింది. అందుకే ఫారం ఇచ్చి టిక్కులు పెట్టించకుండా కూర్చుని మాట్లాడమంటున్నాను. మూడో సంభాషణ అయ్యేసరికి మీకు ఒక విషయం కనబడుతుంది: బడిలో దెబ్బలు తిన్నవాళ్లకు బెంచీ కూడా భయమే. ఫీజు తగ్గించి ఆ భయం తీర్చలేం.

ఇప్పుడు నోల్స్‌ని చదవండి, కానీ రెండుసార్లు

అమెరికన్ విద్యావేత్త మాల్కం నోల్స్ పేరు లేకుండా ఈ రంగంలో ఏ కోర్సూ మొదలవదు. ఆండ్రగాజీ, అంటే పెద్దవాళ్లకు బోధించే పద్ధతి, అనే మాటను ప్రచారంలోకి తెచ్చింది ఆయనే, అయితే ఆ మాట పుట్టించింది ఆయన కాదు, 1833లోనే అలెగ్జాండర్ కాప్ అనే జర్మన్ ఉపాధ్యాయుడు వాడాడు. నోల్స్ చెప్పింది క్లుప్తంగా ఇది: పెద్దవాళ్లు తమ చదువును తామే నడుపుకోవాలనుకుంటారు, బోలెడు అనుభవంతో వస్తారు, ప్రస్తుతం బతుకులో అవసరమైనదానికి సిద్ధంగా ఉంటారు, ఎప్పుడో పనికొస్తుందన్నదానికన్నా ఇవాళ్టి సమస్యను తీర్చేదే కోరుకుంటారు. ఎందుకు నేర్చుకోవాలో ముందే తెలియాలి, లోపలి నుంచి వచ్చే కోరికే బలమైనది అనే రెండు తర్వాత కలిశాయి.

వినగానే అన్నీ నిజమే అనిపిస్తాయి. అందుకే రెండోసారి చదవమంటున్నాను, ఈసారి మీరు మాట్లాడిన ముగ్గురినీ పక్కన కూర్చోబెట్టుకున్నట్టు. అందరూ తమ చదువును తామే నడుపుకోవాలనుకుంటున్నారా? చాలామంది మొదటి రోజు "మీరే చెప్పండి, మేం రాసుకుంటాం" అంటారు, ఎందుకంటే చదువంటే వాళ్లకు తెలిసిన రూపం అదొక్కటే. అనుభవం ఎప్పుడూ సాయమే చేస్తుందా? ఇరవై ఏళ్లుగా ఒకలా చేసిన పనిని మార్చుకోవడం కొత్తగా నేర్చుకోవడం కన్నా కష్టం. విమర్శకులు అడిగినవీ ఇలాంటివే. నోల్స్ వాటిని విన్నాడు కూడా. ఆయన ముఖ్యమైన పుస్తకానికి 1970లో పెట్టిన ఉపశీర్షిక పిల్లల బోధనకూ పెద్దల బోధనకూ మధ్య పోటీలా ఉంటుంది, 1980 ముద్రణలో అది ఒకదాని నుంచి మరొకదానికి సాగే దారిగా మారింది. ఒక పెద్దమనిషి తన వాదనను అందరి ముందూ సరిచేసుకున్న ఆ మార్పు నాకు ఆ ఆరు సూత్రాల కన్నా విలువైనది.

ఇక్కడే ఒక జాగ్రత్త. చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు అని మనుషుల్ని విడగొట్టి ఎవరి స్టైల్లో వాళ్లకు చెప్పాలనే శిక్షణలు చాలా కనబడతాయి. అలా చెప్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి సరైన ఆధారాలు లేవని 2008లో హెరాల్డ్ ప్యాష్లర్ బృందం చేసిన సమీక్ష తేల్చింది. నేర్చుకున్నదాన్ని కొన్ని రోజుల తర్వాత మళ్లీ గుర్తు చేయించడానికి ఆ టైమును వాడండి, దానికి ఆధారం గట్టిగా ఉంది.

చదువు ఎవరి కోసం అన్నది ఫ్రేరీ దగ్గర చూడండి

నోల్స్ దగ్గర ఆగిపోతే ఈ రంగం మంచి శిక్షణ ఇవ్వడం ఎలా అన్నదాంతో ముగిసిపోయినట్టు ఉంటుంది. బ్రెజిల్‌కు చెందిన పౌలో ఫ్రేరీ వేరే ప్రశ్న వేశాడు. 1963లో ఆంజికోస్ అనే చిన్న ఊళ్లో సుమారు 300 మందికి దాదాపు 40 గంటల్లో చదవడం, రాయడం నేర్పే ప్రయోగం నడిపాడు. ఆయన పద్ధతి తెలుగువాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. ముందు అక్కడి జనం రోజూ వాడే మాటలు సేకరిస్తారు. పోర్చుగీసులో ఇటుకను తిజోలో అంటారు, ఆ మాట తీసుకుని, ఇటుకలు పేర్చేది ఎవరు, ఇల్లు ఎవరిది అని చర్చ పెడతారు. ఆ తర్వాత మాటను అక్షరాలుగా విడగొట్టి త తే తి తో తు, జ జే జి జో జు అంటూ మన గుణింతంలాగే సాగదీసి, ఆ ముక్కలతో కొత్త మాటలు కట్టుకోమంటారు.

అప్పట్లో బ్రెజిల్‌లో చదువు రానివాళ్లకు ఓటు లేదు. అంటే ఒక్కొక్కరు చదవడం నేర్చుకుంటే ఒక్కొక్క ఓటు పెరుగుతుంది. 1964లో సైన్యం అధికారం చేజిక్కించుకోగానే ఫ్రేరీని జైల్లో పెట్టింది, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆయన ప్రవాసంలోనే బతికాడు. అక్షరాలు నేర్పినందుకు జైలేమిటి అని ఆశ్చర్యపోయే ముందు ఆ ఓటు లెక్క గుర్తుపెట్టుకోండి.

దాదాపు అదే కాలంలో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో చాలాచోట్ల నల్లజాతివాళ్లు ఓటరుగా నమోదు కావాలంటే చదవగలమని నిరూపించుకోవాల్సి వచ్చేది. 1957లో సౌత్ కరోలైనాలోని జాన్స్ ఐలాండ్‌లో, సెప్టిమా క్లార్క్ అనే నల్లజాతి ఉపాధ్యాయురాలు, పెద్దవాళ్లకు శిక్షణ ఇచ్చే హైలాండర్ ఫోక్ స్కూల్ కలిసి తీసుకున్న చొరవతో, ఒక సహకార దుకాణం వెనక గదిలో తరగతి మొదలైంది. పాఠం చెప్పింది బెర్నిస్ రాబిన్సన్, ఆమె వృత్తి జుట్టు అలంకరణ. టీచరు ట్రైనింగ్ లేని మనిషినే కావాలని ఎంచుకున్నారు, ట్రైనింగ్ ఉంటే పెద్దవాళ్లను పిల్లల్లా చూస్తుందేమోనని. ఆమె మొదటి రోజు మీకేం కావాలి అని అడిగింది. సంతకం పెట్టడం, మనీ ఆర్డర్ ఫారం నింపడం, ఓటరు నమోదు పత్రం చదవడం అన్నారు. అదే సిలబస్ అయ్యింది. హైలాండర్‌ను 1932లో మొదలుపెట్టిన మైల్స్ హార్టన్ అంతకుముందు డెన్మార్క్ వెళ్లి అక్కడి జానపద ఉన్నత పాఠశాలలు చూసొచ్చాడు, గ్రున్‌ట్‌విగ్ అనే డేనిష్ మతగురువు, ఆలోచనాపరుడి భావాల నుంచి 1844లో మొదటిది వెలిసిన ఆ బడులు పరీక్షలు లేకుండా రైతు యువతకు చదువు చెప్పేవి. ఒక దేశంలో రైతుల కోసం పుట్టిన ఆలోచన ఇంకో ఖండంలో ఓటు హక్కు దాకా నడిచొచ్చిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఒక మాట మారిన చోట ఆగండి

1972లో ఎడ్గార్ ఫోర్ అధ్యక్షతన యునెస్కో కమిషన్ ఇచ్చిన నివేదిక జీవితాంతం విద్య అందాలి అంది. 1990లు వచ్చేసరికి అందరూ జీవితాంతం నేర్చుకోవడం అనడం మొదలుపెట్టారు. తేడా చిన్నదే అనిపిస్తుంది. విద్య అందించాలంటే అందించే బాధ్యత ఎవరికో ఒకరికి ఉండాలి, నేర్చుకోవడం అనగానే ఆ బరువు నేర్చుకునేవాళ్ల మీదకే జారిపోవచ్చు. ఉద్యోగం పోయినవాడిని "నువ్వు స్కిల్స్ అప్‌డేట్ చేసుకోలేదు" అనడం అప్పుడు చాలా తేలిక. కొత్త మాట చెడ్డదని నేననను, తరగతి గది బయట జరిగేదాన్ని గౌరవించిన మాట అది. కానీ ఏ పథకం కాగితం చేతికొచ్చినా అందులో ఖర్చు ఎవరిది, టైము ఎవరిది, ఏం నేర్పాలో నిర్ణయించింది ఎవరు అని మూడు గీతలు గీసి చదవండి. రంగంలోని సగం తగాదాలు ఆ మూడు గీతల కింద దొరుకుతాయి.

ఇక వెళ్లి వెనక వరసలో కూర్చోండి

ఏదో ఒక తరగతికి, అక్షరాలు నేర్పేదైనా, కంప్యూటర్ అయినా, కుట్టుపనైనా, అనుమతి తీసుకుని నాలుగు సార్లు వెళ్లండి. మొదటిసారి మీరు టీచర్నే చూస్తారు, అందరం అంతే. రెండోసారి నుంచి ఎవరు ప్రశ్న అడుగుతున్నారు, ఎవరు పక్కవాళ్లను చూసి రాస్తున్నారు, వాళ్ల పనిలో ఉన్న నేర్పు పాఠంలోకి ఎక్కడైనా వస్తోందా అని గమనించండి. నాలుగోసారి హాజరు పట్టీ చూపించమనండి. మొదటి వారం ఉండి ఇప్పుడు లేని పేర్లు కనబడతాయి. ఆ తరగతి నడిపేవాళ్ల ద్వారా, వాళ్లకు ఇష్టమైతేనే, ఒకరిని కలవండి. ఎందుకు మానేశారని అడిగితే సంజాయిషీ ఇస్తారు. చివరగా వచ్చిన రోజు తరగతిలో ఏం జరిగిందో, ఆ రోజు ఇంటికి వెళ్లాక ఏం జరిగిందో అడగండి.