మేపుల్ ఆకుల క్విల్టుకు ఒకేసారి ఎనిమిది ముక్కలు

అక్టోబరులో భోజనాల బల్లపై పరచడానికి మేపుల్ ఆకుల క్విల్టు (గుడ్డ ముక్కలు జతచేసి కుట్టే బొంత) కుట్టేటప్పుడు, ఒక్కో ఆకుకు నాలుగు చొప్పున కావలసిన రెండు రంగుల త్రికోణాలు కలిసిన చదరపు ముక్కలను విడివిడిగా కత్తిరించి జతచేయడమే విసుగు పుట్టించే పని.

దానికి బదులు, ఆకు రంగు గుడ్డనూ నేపథ్యపు గుడ్డనూ ఎనిమిది అంగుళాల చదరాలుగా కత్తిరించి, మంచి వైపులు ఎదురెదురుగా ఉండేలా ఒకదానిపై ఒకటి పెట్టి, మూల నుంచి మూలకు రెండు గీతలు గీయాలి. ఒక్కో గీతకు ఇరువైపులా పావు అంగుళం దూరంలో, అంటే మొత్తం నాలుగు వరుసలు, కుట్టాలి. తరువాత సరిగ్గా నాలుగు అంగుళాల దగ్గర నిలువుగా, అడ్డంగా కోసి, చివరగా గీసిన గీతల వెంబడి కోస్తే ఎనిమిది ముక్కలు వస్తాయి. వాటిని విప్పి, ఇస్త్రీ చేసి, మూడున్నర అంగుళాల చదరాలుగా సరిచేసుకుంటే రెండు ఆకులకు సరిపోతాయి. కోసేటప్పుడు గుడ్డను కదపకుండా స్కేలునే జరపడం మేలు.

అయితే ఈ పద్ధతిలో ముక్కల బయటి అంచులు నేరుగానే ఉన్నా, మధ్యలోని కుట్టు నేతకు ఏటవాలుగా వస్తుంది కనుక, పాత నూలు చీర వంటి పలుచని గుడ్డ సాగిపోతుంది. నా మొదటి ఆకు, ఆవపువ్వు రంగు చీర ముక్కతో కుట్టినది, అలాగే వంకర పోయింది. అటువంటి గుడ్డకు ముందే చిక్కగా గంజి పెట్టి, ఇస్త్రీపెట్టెను లాగకుండా ఎత్తి ఎత్తి అద్దాలి. బొమ్మలన్నీ ఒకే దిక్కుకు నిలిచేలా అచ్చు వేసిన గుడ్డకు మాత్రం ఇది పనికిరాదు, ఎందుకంటే బొమ్మలు తలో దిక్కుకూ తిరుగుతాయి.