గదులను కలిపిన నెమలికంఠం రంగు

మా ఇంట్లో గదులు ఒక్కొక్కటిగా చూస్తే బాగానే ఉండేవి. కానీ హాల్లో నిలబడి, తెరిచి ఉన్న తలుపుల గుండా చూసినప్పుడు మాత్రం లేత గులాబీ, ఆకుపచ్చ, పసుపు గోడలు దేనికదే అన్నట్టు కనిపించి, వేర్వేరు ఇళ్ల ముక్కలను తెచ్చి అతికించినట్టు ఉండేది.

ప్రతి గదిలోనూ ఒక గోడకు నెమలికంఠం రంగు వేయిస్తే సరిపోతుందనుకోవడం నా మొదటి పొరపాటు. హాల్లో వేయించగానే ఆ రంగు గదినంతా మింగేసింది. గృహాలంకరణలో వాడుకలో ఉన్న 60-30-10 లెక్క ప్రకారం ప్రధాన రంగు 60 శాతం, తోడు రంగు 30 శాతం ఉంటే, ఇలాంటి కొట్టొచ్చినట్టు కనిపించే రంగు 10 శాతం దాటకూడదు. కొలబద్ద పెట్టి తేల్చే లెక్క కాదనుకోండి.

అందుచేత గోడలన్నింటికీ ఒకే మీగడ తెలుపు వేయించి, నెమలికంఠం రంగును హాల్లో రెండు దిండు గలీబులకు, పడకగదిలో కర్టెన్ల అంచుకు, వంటగదిలో ఒక అల్మరా తలుపుకు పరిమితం చేశాను. ఏ గుమ్మంలో నిలబడినా పక్క గదిలోని ఆ రంగు వస్తువు ఒక్కటైనా కంటబడేలా సర్దడమే ఇందులో అసలు కిటుకు.

తీరా చూస్తే, రాత్రిపూట వంటగది తలుపు మిగతావాటితో కలవకుండా ఆకుపచ్చగా కనిపించింది. అదే రంగు పూసిన అట్టముక్కను హాల్లోకి తీసుకెళ్లి దిండు పక్కన పెడితే చక్కగా కలిసిపోయింది. తేడా దీపాలది: వంటగదిలో 2700 కెల్విన్ల (కాంతి రంగును చెప్పే కొలత) పసుపు కాంతి బల్బు, హాల్లో 4000 కెల్విన్ల తెల్ల కాంతిది. పసుపు కాంతిలో నీలం వెనక్కి తగ్గి ఆకుపచ్చదనం పైకి తేలుతుంది. బల్బు మార్చిన రాత్రే ఆ తలుపు దారికొచ్చింది.